పిల్లలతో ఏకశిల గుట్టకు, ఓరుగల్లు కోటకు: బయలుదేరినప్పటి నుంచి ఇల్లు చేరేదాకా

ఖిలా వరంగల్‌కు, అంటే వరంగల్‌లోని ఓరుగల్లు కోటకు, పిల్లలను తీసుకెళ్లే కుటుంబాలు ఎక్కువగా ఒకే క్రమంలో తిరుగుతాయి. ముందు కీర్తి తోరణాల దగ్గర ఫొటోలు దిగుతారు, ఆ తర్వాత ఖుష్ మహల్ చూస్తారు, పార్కులో ఊయల కనిపించగానే పిల్లలు అక్కడే గంటసేపు పాతుకుపోతారు, పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు ఎవరో ఒకరు "ఇంత దూరం వచ్చి గుట్ట ఎక్కకుండా పోతామా" అంటారు. అప్పటికి చిన్నవాళ్ల కాళ్లలో సత్తువ ఉండదు, సీసాల్లో నీళ్లు అడుగంటి ఉంటాయి, గుట్ట మీది బండ కాలుతూ ఉంటుంది. ఈ మార్గదర్శిలో సూచించే క్రమం దీనికి పూర్తిగా తిరగేసినది: ముందు గుట్ట, తర్వాత తోరణాలు, ఎండ ముదిరే వేళకు ఖుష్ మహల్ నీడ, ఆఖరున పార్కు. కోటలో చూడవలసినవి ఎన్ని ఉన్నా, రోజును నడిపించేవి పిల్లల కాళ్లు, బండ వేడి. మిగతా ఏర్పాట్లన్నీ ఈ రెండింటిని బట్టే చేసుకోవాలి.

ముందుగా స్థలాన్ని తెలుసుకోవడం

కోటంటే నాలుగు గోడల మధ్య ఉండే కట్టడమని పిల్లలు అనుకుంటారు. ఓరుగల్లు కోట అలాంటిది కాదు. ఒకదానిలో ఒకటిగా గుండ్రని ప్రాకారాలు ఉంటాయి. లోపలిది గ్రానైటు రాళ్లతో కట్టిన రాతికోట, దాని అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు; దాని చుట్టూ నీటి అగడ్త; ఆ వెలుపల మట్టికోట, దాని అడ్డుకొలత ఇంచుమించు రెండింతలు. రాతికోటను 1199లో రాజ్యానికి వచ్చిన గణపతిదేవుడు కట్టించగా, ఆయన తర్వాత 1262 నుంచి ఏలిన రుద్రమదేవి దాన్ని మరింత ఎత్తు చేసి, మట్టికోటను, అగడ్తను జోడించిందని చరిత్రకారులు చెబుతారు. 1323లో ఢిల్లీ సైన్యం కోటను పట్టుకోవడంతో కాకతీయుల పాలన ముగిసింది. ఇంతవరకు తెలిస్తే పిల్లలకు దారిలో చెప్పడానికి సరిపోతుంది. రాజుల వంశవృక్షమంతా ఒక్కపూటలో చెప్పబోతే వినే పిల్లవాడు ఉండడు.

ఇక్కడ తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. కోట లోపల ఇప్పటికీ ఊరు ఉంది, ఇళ్లు ఉన్నాయి, పొలాలు ఉన్నాయి. కాబట్టి తోరణాల ప్రాంగణం, ఖుష్ మహల్, గుట్ట, పార్కు ఒకే కంచెలో ఉన్న ఉద్యానవనంలా ఉండవు. వాటి మధ్య ఊరి దారులే ఉంటాయి, ఆ దారుల్లో ఆటోలు, ట్రాక్టర్లు, బర్రెలు తిరుగుతుంటాయి. పిల్లలను విడిచిపెట్టి నడవదగ్గ చోటు ఏదో, చెయ్యి పట్టుకొని నడిపించవలసిన చోటు ఏదో ముందే అనుకోవాలి.

రోజును, వేళను ఎంచుకోవడం

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు గుట్ట ఎక్కడానికి మంచి కాలం. వానలు వెనుకబట్టాక గుట్టల పక్కన తంగేడు, గునుగు పూస్తాయి, బండల నడుమ సీతాఫలం చెట్లు కాయతో ఉంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మంచు పడి మెట్లు తడిగా ఉంటాయి కనుక మరీ పొద్దున్నే కాకుండా, ఎండ పొడ తగిలి రాయి ఆరిన తర్వాత ఎక్కడం మేలు. వానకాలంలో గ్రానైటు మీద పాచి పట్టి జారుతుంది. నల్లగా, మెరుస్తూ కనిపించే చోట అడుగు వేయవద్దని పిల్లలకు ముందే చెప్పాలి. మబ్బు పట్టి దూరంగా ఉరుము వినిపించినా గుట్ట ఎక్కే ఆలోచన మానుకోవాలి. అప్పటికే సగం ఎక్కి ఉంటే దిగిపోవాలి. చుట్టుపక్కల అంతా చదునుగా ఉన్నచోట ఒంటిగా నిలబడిన గుట్ట శిఖరం పిడుగు పడే వేళ నిలబడవలసిన చోటు కాదు.

మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేస్తారు, సాయంత్రం దాకా ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు, దాంతో ఆ వేళల్లోనే ఎక్కడికైనా తీసుకెళ్లాలనిపిస్తుంది. అయితే మధ్యాహ్నం రెండు గంటల నుంచి నాలుగు గంటల దాకా గాలి ఎంత వేడిగా ఉంటుందో, బండ అంతకంటే వేడిగా ఉంటుంది, పొద్దు వాలాక కూడా చాలాసేపు ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్‌లో 40 డిగ్రీలు దాటడం మామూలు సంగతి. ఎండకాలంలోనే తప్పనిసరిగా రావలసి వస్తే తెల్లారి ఆరు గంటలకల్లా గుట్ట కింద ఉండాలి, ఎనిమిది గంటలకల్లా దిగిపోవాలి.

తప్పించుకోవలసిన రోజులు మరికొన్ని ఉన్నాయి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగే వారంలో వరంగల్ చుట్టుపక్కల దారులు, రైళ్లు, బస్సులు కిక్కిరిసి ఉంటాయి. చిన్నపిల్లలతో విహారానికి అది అనువైన సమయం కాదు. శివరాత్రి నాడు శివాలయాలున్న గుట్టలన్నిటి మీదా జనం ఉంటారు. దసరా, సంక్రాంతి సెలవుల్లో ఆదివారాలకంటే మామూలు వారాలు నయం.

ఎవరు ఎక్కాలి, ఎవరు కింద ఉండాలి

ఏకశిల గుట్ట ఎత్తైన కొండ కాదు. మెట్లున్నాయి, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు పెద్దగా ఆయాసం లేకుండా ఎక్కగలరు. ఆ మాట వినగానే చంటిపిల్లను చంకన వేసుకొని ఎక్కబోయే తల్లులు, తాతయ్యలు ఉంటారు. చంకన బిడ్డ ఉంటే కాలి కింద మెట్టు కనిపించదు, రెండో చెయ్యి ఆసరాకు ఖాళీగా ఉండదు. అందువల్ల మూడేళ్ల లోపు పిల్లలను ఎక్కించదలచుకుంటే ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్‌లో వీపున వేసుకోవాలి, లేదా ఒక పెద్ద మనిషి వాళ్లతో కిందే ఉండిపోవాలి. రెండోదే సులువైన పని. చక్రాల బండి గుట్ట మీద ఎందుకూ పనికిరాదు, కోటలోని రాతి నేల మీద కూడా తిప్పలే పెడుతుంది.

నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు ఒక్కొక్కరికి ఒక పెద్ద మనిషి ఉండటం మంచిది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలైతే ఇద్దరికి ఒకరు సరిపోతారు. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మో నానమ్మో ఉంటే ఆమెను తోరణాల ప్రాంగణంలో నీడలో కూర్చోబెట్టి వెళ్లడంలో తప్పేమీ లేదు. ఆమె అక్కడుంటే సంచులకు కాపలా ఉంటుంది, పిల్లలకు తిరిగి చేరుకోవడానికి ఒక గురుతు ఉంటుంది.

బయలుదేరే ముందు పిల్లవాడి జేబులో తల్లిదండ్రుల ఫోను నంబరు రాసిన కాగితం పెట్టాలి. మరీ చిన్నవాళ్లయితే ముంజేతి మీద బాల్‌పెన్నుతో రాయవచ్చు. తప్పిపోతే ఎక్కడికి రావాలో ఒకే చోటు చెప్పాలి. "నువ్వు మొదట చూసిన పెద్ద తోరణం" అంటే అయిదేళ్ల పిల్లకు కూడా గుర్తుంటుంది. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, పిల్లల సహాయానికి 1098 నంబర్లు పెద్దలందరి ఫోన్లలో ఉండాలి.

సంచి సర్దడం

మనిషికి కనీసం ఒక లీటరు నీళ్లు, పిల్లల కోసం విడిగా చిన్న సీసాలు. పిల్లవాడు తన సీసా తానే మోస్తే తాగుతాడు, అమ్మ సంచిలో ఉంటే అడగడానికి బద్ధకిస్తాడు. రెండు మూడు ఓఆర్‌ఎస్ పొట్లాలు తప్పక పెట్టుకోవాలి. పొట్లాలు లేకపోతే లీటరు మంచినీళ్లకు ఆరు సమతలపు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపిన నీళ్లు అదే పని చేస్తాయి. ఉప్పు మాత్రం ఆ కొలత దాటకూడదు. పలచటి చల్ల తీసుకెళ్లడం మంచిదే గాని, మధ్యాహ్నం దాకా ఎండలో ఉంటే పులుస్తుంది.

తిండి విషయంలో మన ఇళ్లలో చేసే పదార్థాలే ఇలాంటి తిరుగుడుకు బాగా పనికొస్తాయి. సర్వపిండి చల్లారినా బాగుంటుంది, చేతితో విరుచుకు తినవచ్చు, ప్లేటు అక్కరలేదు. పులిహోర కూడా నిలుస్తుంది. సకినాలు పిల్లలకు ఇష్టమే కాని గుట్ట ఎక్కే ముందు పెడితే దాహం వేస్తుంది, కనుక దిగిన తర్వాతకు ఉంచాలి. ఉడకబెట్టిన మక్కకంకులు, జామకాయలు, పల్లీపట్టీలు మంచివి. పెరుగన్నం వేసవిలో వద్దు. తిండి మొత్తం గుడ్డసంచిలో సర్దాలి. చప్పుడు చేసే ప్లాస్టిక్ కవర్లు ఎందుకు కూడదో కోతుల దగ్గర చెబుతాను.

వెనుక పట్టీ ఉన్న చెప్పులో, అడుగు అరగని బూట్లో వేయించాలి. కొత్తగా కొన్న బూట్లు ఆ రోజే తొలిసారి వేయించకూడదు. ఒక్కొక్కరికి ఒక జత మందపాటి సాక్సులు అదనంగా పెట్టండి. గుట్ట మీద గుడి ఉంది, గుడి ముందు చెప్పులు విప్పాలి, వేడెక్కిన బండ మీద పిల్లలు ఉత్తకాళ్లతో నిలబడలేరు. ఆ నాలుగు నిమిషాలకే అవి కావాలి. నెత్తికి టోపీ, నిండు చేతుల నూలు చొక్కా, తడి తువ్వాలు, ఒక చిన్న కట్టు సామాను పొట్లం సరిపోతాయి. చలువ కళ్లజోడు, గొడుగు, ఆటవస్తువులు బరువే తప్ప ఉపయోగం లేనివి.

కోటకు చేరుకోవడం

వరంగల్ రైల్వే స్టేషను నుంచి కోట దగ్గరే, ఆటోలో కొద్ది నిమిషాల ప్రయాణం. కాజీపేటలోనో హనుమకొండలోనో దిగేవారికి కొంత ఎక్కువ సమయం పడుతుంది. స్వంత వాహనంలో వచ్చేవారు రాతికోట ద్వారం దగ్గర ఒక నిమిషం ఆగి పిల్లలకు చూపవలసింది ఉంది. దారి నేరుగా లోపలికి పోదు. ఒక మలుపు తిరిగి, రెండు గోడల మధ్య సాగి, మళ్లీ మలుపు తిరుగుతుంది. ఏనుగులతో తలుపులను ఢీకొట్టించాలంటే వాటికి ముందు పరుగెత్తే జాగా కావాలి. ఆ జాగా లేకుండా చేయడానికే అలా కట్టారు. గోడను వేలితో తడిమితే రాయికీ రాయికీ నడుమ సున్నం కనిపించదు, చెక్కి అమర్చినవే. గోడ పొడవునా 45 బురుజులున్నాయి.

ఆ మలుపులే ఇప్పుడు నడిచేవారికి ప్రమాదం. ఎదురుగా వచ్చే ఆటో మలుపు తిరిగేదాకా కనిపించదు, రెండు పక్కలా తప్పుకోవడానికి చోటు ఉండదు. ద్వారం చూడడానికి దిగితే పిల్లలను గోడ వైపు ఉంచి, పెద్దలు దారి వైపు నడవాలి. ఫొటో కోసం దారి మధ్యలో నిలబడే అలవాటు ఇక్కడ పూర్తిగా మానుకోవాలి.

టికెట్ల సంగతి చెప్పాలంటే, కేంద్ర పురావస్తు శాఖ ఆధీనంలోని ప్రాంగణాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. లోపలికి వెళ్లేముందే మరుగుదొడ్డి పని ముగించుకోవాలి; గుట్ట మీద ఆ వసతి ఆశించకూడదు.

గుట్ట ఎక్కడం

ఎక్కే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. చేతి వెనుక భాగాన్ని బండకు ఆనించి మెల్లగా అయిదు అంకెలు లెక్కపెట్టండి. అంతసేపు ఉంచలేకపోతే ఆ పూట పిల్లలతో ఎక్కవద్దు. ఈ పరీక్షను పిల్లలతోనే చేయించడం ఇంకా మంచిది, ఎందుకంటే "వద్దు" అన్న మాట అప్పుడు బండే చెబుతుంది, అమ్మానాన్నలతో వాదన ఉండదు.

వరుస ఇలా ఉండాలి. అందరికంటే ముందు ఒక పెద్ద మనిషి, తర్వాత పిల్లలు, అందరికంటే వెనుక మరొక పెద్ద మనిషి. ముందున్నవారు వేగం నిర్ణయించకూడదు. పిల్లల్లో అందరికంటే చిన్నవారి అడుగే అందరికీ అడుగు. పెద్దపిల్లలకు ఇది రుచించదు. వాళ్లకు ఏదో ఒక పని అప్పగించాలి: మెట్లు లెక్కపెట్టడం, నీళ్లు తాగే విరామం ప్రకటించడం, వెనుకవాళ్లకు జారే మెట్టు చూపించడం. పదేళ్ల పిల్లవాడికి బాధ్యత ఇస్తే పరుగు మానేస్తాడు.

విరామాలు అలసట వచ్చాక కాకుండా రాకముందే ఇవ్వాలి. కూర్చునే చోటు మెట్టు పక్కన లోపలి వైపుగా, అంచుకు దూరంగా ఉండాలి. కూర్చున్న ప్రతిసారీ రెండు గుక్కల నీళ్లు. చిన్నపిల్లలు దాహం వేసిందని చెప్పేసరికే ఆలస్యమై ఉంటుంది. ముఖం కందిపోవడం, చెమట ఆగిపోవడం, మాట తగ్గడం, విసుగు, తలనొప్పి కనిపిస్తే నీడకు చేర్చి, చొక్కా గుండీలు విప్పి, మెడకు, చంకలకు తడిబట్ట అద్ది, కొద్దికొద్దిగా ఓఆర్‌ఎస్ నీళ్లు పట్టించాలి. పిల్లవాడు మత్తుగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, వాంతులు ఆగకపోయినా తడిబట్టతో చల్లబరుస్తూనే 108కి ఫోను చేయాలి; అలాంటి స్థితిలో నోట్లో నీళ్లు పోయకూడదు.

మెట్లున్నంత మేరా మెట్ల మీదే నడవాలి. పక్కనున్న నున్నటి బండ మీదుగా ఎక్కితే దారి దగ్గరవుతుందని పెద్దపిల్లలకు అనిపిస్తుంది. గ్రానైటు ఎక్కేటప్పుడు కాలికి బాగానే పట్టు ఇస్తుంది, దిగేటప్పుడు మాత్రం అదే వాలు మీద కాలు నిలవదు. ఎక్కి, దిగలేక, మధ్యలో చతికిలబడి ఏడ్చే పిల్లలను ఏ గుట్ట దగ్గరైనా చూడవచ్చు.

దారిలో బండను చూపిస్తూ ఎక్కడం మరిచిపోవద్దు. ఈ ప్రాంతపు గ్రానైటు భూమి లోపల కరిగిన శిల నెమ్మదిగా గడ్డకట్టగా ఏర్పడినది, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. నెమ్మదిగా చల్లారడం వల్లే అందులోని స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవయ్యాయి. పిల్లల దగ్గర చిన్న భూతద్దం ఉంటే గులాబీ, తెలుపు, నలుపు పలుకులను విడివిడిగా చూడవచ్చు. ఉల్లిపాయ పొరల్లా బండ పైపొర ఊడివచ్చిన చోట్లు కనిపిస్తే, పగటి వేడి రాత్రి చల్లదనం, వాననీరు, పైనున్న బరువు తొలగిపోవడం అన్నీ కలిసి అలా చేస్తాయని చెప్పవచ్చు. రాతి మీద ఒకే వరుసలో చిన్న చిన్న గుంతలు కనిపిస్తే అవి బండను చీల్చడానికి పనివాళ్లు తొలిచినవని చెబితే, ఆ తర్వాత పిల్లలు అలాంటివి ఎక్కడున్నాయో వెతకడం మొదలుపెడతారు, అలసట కాసేపు మరిచిపోతారు.

పైన ఎంతసేపు ఉండాలి

గుట్ట మీద చిన్న గుడి, చుట్టూ కనిపెట్టి చూడడానికి కట్టిన బురుజు ఉన్నాయి. ఇక్కడి నుంచే పిల్లలకు కోట స్వరూపం అర్థమవుతుంది. కింద నడిచేటప్పుడు విడివిడిగా కనిపించిన గోడ పైనుంచి వలయంగా కనిపిస్తుంది, ఆ వలయంలో ఇళ్లు, పొలాలు, చెరువు ఇమిడి ఉంటాయి. మీరు వచ్చిన దారి ఎక్కడుందో, అమ్మమ్మ కూర్చున్న తోరణం ఎక్కడుందో వాళ్లనే వెతకమనండి. శత్రువు ఎటు నుంచి వస్తే ముందుగా ఎక్కడ కనిపిస్తాడని అడిగితే చాలాసేపు చర్చ నడుస్తుంది.

ఆ చర్చంతా కూర్చొనే సాగాలి. అంచు నుంచి కనీసం పెద్దమనిషి రెండు బారల దూరం వదలాలి, గోడలు, బురుజు ఎక్కనివ్వకూడదు. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులు వేసేది ఎక్కువగా పిల్లలకంటే పెద్దలే. వాళ్లకూ ఇదే నియమం. ఇరవై నిమిషాలు చాలు. తిండి పైన విప్పకూడదు, కోతులు అక్కడికి రాకపోయినా తినే పొట్లాలు గాలికి కొట్టుకుపోయి బండల సందుల్లో చేరతాయి.

దిగడం

దెబ్బలు తగిలేది ఎక్కువగా దిగేటప్పుడే. ఎక్కడం అయిపోయిందన్న ఉత్సాహంతో పిల్లలు పరుగు తీస్తారు, అలసిన మోకాళ్లు ఆ పరుగును ఆపలేవు. దిగేటప్పుడు వరుసలో ముందున్న పెద్దమనిషిని ఎవరూ దాటకూడదన్నది ఒకే ఒక్క నియమంగా పెట్టండి. చిన్నపిల్లలకు పెద్దవాళ్లు ఒక మెట్టు కిందుగా, పక్కగా నడవాలి, అప్పుడు జారినా మీ మీద పడతారు. నిటారుగా ఉన్నచోట కూర్చుని ఒక్కో మెట్టు దిగడం సిగ్గుపడవలసిన విషయం కాదు. బొబ్బ ఎక్కుతున్న చోట మంట పుట్టినప్పుడే ఆగి ప్లాస్టర్ అంటించాలి. కిందకు వెళ్లాక చూద్దామంటే అది పగిలి ఉంటుంది.

తోరణాల ప్రాంగణం

గుట్ట దిగి కాసిన్ని నీళ్లు తాగి ఏదైనా తిన్న తర్వాత తోరణాల దగ్గరకు రావాలి. స్వయంభూ శివాలయం ఉన్న చోటికి నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు, ఒక్కొక్కటి సుమారు 30 అడుగుల ఎత్తున నిలబడి ఉన్నాయి. గుడి శిథిలమైంది, తోరణాలు మిగిలాయి. వాటి మీద దేవతామూర్తులు లేకపోవడం వల్లే వాటిని ధ్వంసం చేయలేదని చాలామంది అంటారు. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే కాబట్టి పిల్లలు పాఠ్యపుస్తకం అట్ట మీద చూసే ఉంటారు. పేరు చెప్పకుండా "దీన్ని ఎక్కడైనా చూశారా" అని అడగండి.

ఇక్కడ వేగంగా నడిపిస్తే ఏమీ మిగలదు. ఒకే తోరణం కింద కూర్చోబెట్టి హంసలు ఎక్కడున్నాయో, సింహాలు ఎక్కడున్నాయో, వేలాడే తామరమొగ్గలు ఎన్నో వెతికించాలి. ఎదురెదురుగా ఉన్న రెండు తోరణాల మధ్య వరుసలో నిలబడితే ఒకదాని లోంచి మరొకటి కనిపిస్తుంది. ఆ చోటును పిల్లలే కనిపెట్టేలా వదలండి. ప్రాంగణం నిండా విరిగిన స్తంభాలు, దూలాలు, నందులు పడి ఉంటాయి. ఆ రాళ్లలో ఏది స్తంభం పీఠం, ఏది పైకప్పు పలక అని పోల్చుకోవడం ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు మంచి పని. నోటుపుస్తకం, పెన్సిల్ తెచ్చినవారు ఏదో ఒక్క చెక్కడాన్ని చూసి గీయమంటే అరగంట ఇట్టే గడిచిపోతుంది. నున్నగా, చల్లగా ఉన్న నల్లరాయిని తాకనివ్వడంలో దోషం లేదని అనిపిస్తుంది గాని, రోజూ వందల చేతులు తడిమితే ఎంత గట్టి శిల్పమైనా అరుగుతుంది. నందుల మీద ఎక్కి కూర్చోబెట్టి ఫొటోలు తీయడం అసలే కూడదు. రక్షిత కట్టడాలకు నష్టం కలిగించడం 1958 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

ఎండ బాగా ముదిరిన వేళకు ఖుష్ మహల్‌లోకి వెళ్లాలి. ఎత్తైన మందపాటి గోడలు, లోపల పెద్ద కమానులు ఉన్న ఈ హాలును 16వ శతాబ్ది తొలినాళ్లలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని చెబుతారు. పిల్లలకు అక్కడ చూపవలసింది ఒక్కటే: తోరణంలో రాతి దూలాన్ని స్తంభాల మీద అడ్డంగా పెట్టారు, ఇక్కడ రాళ్లను వంపుగా పేర్చి కమాను కట్టారు. బరువును మోయడానికి అవి రెండు వేర్వేరు ఉపాయాలు.

కోతులు, తేనెటీగలు, పాములు

ఇది ఏదో ఒక మూల చెప్పి వదిలేయదగ్గ విషయం కాదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. కోతికి ప్లాస్టిక్ కవరు చప్పుడు అంటే తిండి అని అర్థం. అందుకే గుడ్డసంచి, మూత ఉన్న డబ్బా. పిల్లల చేతిలో బిస్కెట్ పొట్లం, మక్కకంకి పట్టుకొని నడవనివ్వకూడదు. కోతి దగ్గరకు వస్తే కళ్లలోకి చూడకుండా, పళ్లు కనబడేలా నవ్వకుండా, వీపు తిప్పి పరుగెత్తకుండా నెమ్మదిగా వెనక్కి నడవాలి. అది సంచి పట్టుకుంటే సంచి వదిలేయాలి. కరిచినా, గోరు గీరినా ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించాలి. పసుపు, సున్నం, కారం అద్దకూడదు. కుక్క కరిచినా ఇదే పద్ధతి.

పెద్ద తేనెటీగలు ఎత్తైన బండ చరియలకు, పాత కట్టడాల కప్పులకు పట్టు పెడతాయి. తేనెపట్టు కనిపించిన చోట రాయి విసరడం, పొగ పెట్టడం, గట్టిగా అరవడం చేయకూడదు. ఆ రోజు పిల్లలకు సెంటు, ఘాటైన వాసన వచ్చే నూనె రాయకపోవడం మంచిది. ఈగలు లేస్తే చేతులు ఊపకుండా, చున్నీతోనో తువ్వాలుతోనో ముఖం కప్పి దూరంగా వెళ్లిపోవాలి. ముళ్లను గోటితో గీరి వెంటనే తీసివేయాలి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా, చాలా ఈగలు కుట్టినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి.

బండల సందుల్లో చేయి పెట్టవద్దు, పడి ఉన్న రాయిని తిప్పి చూడవద్దు అని చెప్పడం ఒకసారితో సరిపోదు. రాయి తిప్పడం పిల్లల స్వభావం, కింద తేలు, జెర్రి ఉండటం రాయి స్వభావం. పాము కాటు వేస్తే గాయం కోయడం, నోటితో పీల్చడం, పైన బిగించి కట్టడం చేయకూడదు. పిల్లవాడిని నడిపించకుండా, కాటు పడిన కాలినో చేతినో కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. వరంగల్‌లో ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. నాటుమందు కోసం తిరిగే సమయం అప్పుడు ఉండదు.

పార్కు, ఇంటిదారి

గుట్ట పక్కనున్న పార్కును ఆఖరుకు దాచిపెట్టుకుంటే పెద్దలకు చాలా పనులు సులువవుతాయి. పొద్దుటి నుంచి "తర్వాత ఊయల" అన్న మాటే పిల్లలను నడిపిస్తుంది. తినడానికి, కాళ్లు చాపుకోవడానికి ఇదే చోటు. పక్కన చెరువు ఉంది కాబట్టి నీటి ఒడ్డున చిన్నపిల్లలు ఆడుతున్నంతసేపు ఒక పెద్దమనిషి ఫోను పక్కన పెట్టి వాళ్లనే చూస్తూ ఉండాలి. పడవ ఎక్కే పరిస్థితి ఉంటే ప్రతి పిల్లకూ ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ ఇస్తేనే ఎక్కించాలి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లవాడి మెడలోంచి జారిపోతుంది.

అదే రోజు వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు కట్ట, హంటర్ రోడ్డులోని జంతు ప్రదర్శనశాల కూడా చూడాలనుకోవడం నా లెక్కలో అత్యాశ. ఏకశిల గుట్టను సంతోషంగా ఎక్కి దిగిన పిల్లలను మరో సెలవునాడు హనుమకొండలోని పద్మాక్షి గుట్టకు తీసుకెళ్లవచ్చు. అక్కడ బండకు చెక్కిన జైన శిల్పాలు, 1117 నాటి శాసనం ఉన్న రాతిస్తంభం ఉన్నాయి. సద్దుల బతుకమ్మ నాడు గుట్ట కింద ఆడవాళ్లు వేలసంఖ్యలో చేరతారు కాబట్టి బతుకమ్మ చూడడానికి వెళ్లే రోజు, గుట్ట ఎక్కడానికి వెళ్లే రోజు వేరువేరుగా పెట్టుకోవాలి.

ఇంటికి చేరగానే పిల్లలకు స్నానం చేయించే ముందు సాక్సులు, ప్యాంటు అంచులు విదిలించి పల్లేరు ముళ్లు, గడ్డిగింజలు ఏరివేయండి. చెవుల వెనుక, మెడ కింద, చంకల్లో పురుగు కుట్టిన గుర్తులున్నాయేమో చూడండి. ఆ రాత్రి మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే ఇంకా నీళ్లు తాగించాలి.